తామ్వే నుంచి వచ్చిన లావెండరు సీసా

ఈ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు ముందు తప్పించుకోవాలనే చూశాను. శాసనాలు చదవడం నాకు రాదు. కెమికల్ ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చిన ఆరు నెలలకే సాఫ్ట్‌వేర్‌లోకి దూకిన మా తరం వాళ్ళలో నేనూ ఒకణ్ణి. రాజుల గురించీ కోటల గురించీ రాసేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నా దగ్గరున్నదల్లా ఒక ఖాళీ సెంటు సీసా. దాని మీద రాస్తానంటే సంపాదకులు నవ్వి సరేనన్నారు.

ఆ సీసా ఇప్పుడు న్యూజెర్సీలో మా ఇంటి దేవుడి అల్మారాలో ఉంది. దేవుడి పక్కన సెంటు సీసా ఏమిటని మా ఆవిడ మొదట్లో విసుక్కునేది, ఇప్పుడు అలవాటైపోయింది. 2006లో మా మామ్మ పోయాక నాన్నగారు దాన్ని నా చేతికిచ్చారు. అరచేతిలో పట్టేంత గాజు సీసా, మీద సగం చిరిగిన కాగితం చీటీ. చీటీ మీద పూలమ్ముకునే ఒక తల్లి, ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు లీలగా కనిపిస్తారు. యార్డ్‌లీ వారి ఇంగ్లీష్ లావెండర్ అది. మామ్మ మాత్రం "రంగం లవండరు" అనేది. ఇంట్లో పెళ్ళయినా బారసాలయినా పెట్టెలోంచి దాన్ని తీసి, మూత తిప్పి, పిల్లలందరి ముక్కు దగ్గరా పెట్టేది. "ఏం వాసన రావట్లేదు మామ్మా" అన్నవాడికి నెత్తిమీద మొట్టికాయ ఖాయం.

ఉత్తరాంధ్ర వాళ్ళకు "రంగం" అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావారి కోసం చెబుతున్నాను. రంగూన్‌ను మావైపు రంగం అనేవారు. పంట పోయినా, అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నా, ఇంట్లో పోట్లాట వచ్చినా మగవాడు "రంగం ఎల్లిపోతా" అనేవాడు. చాలామంది నిజంగానే వెళ్ళిపోయారు. గోపాలపురం, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు వాళ్ళను డెక్కు మీద కూర్చోబెట్టి బంగాళాఖాతం దాటించేవి. చేతికి ముందే కాస్త అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేది మేస్త్రీ, ఆ బాకీ తీరేదాకా వాళ్ళ కూలి మీద పెత్తనమూ అతనిదే. ఇప్పటి బాడీ షాపింగ్ చూసినవాళ్ళకు ఇదంతా కొత్తగా అనిపించదు. 1927లో ఒక్క ఏడాదిలోనే 4 లక్షల మందికి పైగా రంగూన్ రేవులో దిగారు. వలసల్లో న్యూయార్క్‌తో పోటీపడిన రేవు అది. 1931 జనాభా లెక్కల నాటికి ఆ ఊరి 4 లక్షల జనంలో సగానికి పైగా భారతీయులే.

అక్కడి తెల్లవాళ్ళ కాగితాల్లో మనవాళ్ళందరి పేరూ "కోరంగీలు". గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు 1839 తుపానుకు దెబ్బతిని మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు. అయినా శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, విజయనగరం నుంచి వెళ్ళినా, జన్మలో కోరంగి చూడకపోయినా, రంగూన్‌లో తెలుగువాడు కోరంగీయే.

ఇంగ్లీష్ లావెండర్ పేరూ ఇలాంటిదే. లావెండర్ మొక్క పుట్టిల్లు ఇంగ్లండ్ కాదు, మధ్యధరా సముద్ర తీరం. దాన్ని ఇంగ్లండ్‌లో నాటుకున్నారు. లండన్‌కు దక్షిణంగా సర్రే ప్రాంతంలోని మిచమ్ చుట్టూ ఒకప్పుడు పొలాలకు పొలాలే ఉండేవి. నగరం పెరిగి ఆ పొలాలను మింగేసింది. యార్డ్‌లీ కంపెనీ తన పుట్టుకను 1770 నుంచి లెక్కగడుతుంది. కానీ దాన్ని మొదలుపెట్టింది క్లీవర్ అనే సబ్బుల వ్యాపారి కుటుంబం. యార్డ్‌లీ అన్నాయన కత్తులూ, గుర్రపు రౌతులు మడమలకు కట్టుకునే ముళ్ళూ చేసి అమ్మేవాడు. అల్లుడి వ్యాపారం చితికిపోతే 1823లో దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. కత్తుల పేరు సెంటుకు వచ్చింది. ఇంగ్లీష్ లావెండర్ అనే పరిమళం 1873లో బజారుకొచ్చింది.

చీటీ మీది బొమ్మకూ ఒక కథ ఉంది. ఫ్రాన్సిస్ వీట్లీ అనే చిత్రకారుడు 1790లలో లండన్ వీధుల్లో కేకలు వేసి సరుకులమ్ముకునేవాళ్ళను వరసగా బొమ్మలు గీశాడు. అందులో ఒకటి ప్రిమ్‌రోజ్ పూలమ్మే తల్లీ పిల్లలది. 1913లో యార్డ్‌లీవారు దాన్ని తమ గుర్తుగా తీసుకున్నారు. వాళ్ళమ్మేది లావెండర్ కదా, అందుకని ఆమె బుట్టలోని ప్రిమ్‌రోజ్‌లను లావెండర్ కట్టలుగా మార్చేశారు.

చదువుకున్న చదువును ఒక్కసారైనా వాడుకోనివ్వండి. లావెండర్ నూనెలో ముఖ్యమైనవి రెండు పదార్థాలు, లినలూల్, లినలైల్ ఎసిటేట్. మొదటిది దాదాపు 198 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండోది 220 దగ్గర మరుగుతాయి. అంత వేడి నేరుగా తగిలితే వాసన పాడవుతుంది. అందుకే పూల మధ్య నుంచి నీటి ఆవిరి పంపుతారు. ఆవిరితో కలిసి నూనె 100 డిగ్రీల లోపే పైకి లేస్తుంది. చల్లబరిస్తే నీరు కిందా నూనె పైనా నిలుస్తాయి. మా ప్రొఫెసర్‌గారు ఈ పాఠం చెబుతూ గంజాం జిల్లాలో మొగలి పొత్తులను రాగి పాత్రల్లో మరిగించి రూహ్ తీసే పద్ధతిని ఉదాహరణగా చెప్పేవారు. రంగం ఓడలెక్కిన గోపాలపురం రేవు కూడా ఆ జిల్లాలోదేనని అప్పట్లో నాకు తట్టలేదు. సీసా మూత ఎంత బిగించినా పరిమళం ఎల్లకాలం నిలవదు. లినలూల్ గాలి తగిలి మారిపోతుంది, తేలికైనవి ఎగిరిపోతాయి. కాబట్టి మామ్మ మా ముక్కుల దగ్గర పెట్టిన సీసాలో శాస్త్రప్రకారం ఏమీ లేదు. ఆమెకు మాత్రం వాసన వచ్చేది.

సరే, ఆ సీసా మా ఇంటికెలా వచ్చింది? చిన్నప్పటి నుంచీ నాన్నగారు చెప్పిన కథ ఇది. మా ముత్తాత రేవులో కూలీగా చేరి, కొన్నాళ్ళకు మూటలు లెక్కపెట్టే పనికి ఎదిగాడు. చదువు రాదు, అంకెలు మాత్రం గుర్తుపట్టేవాడు. 1928లో మామ్మ పుట్టిన వారంలోనే ఒక దొరసాని పెట్టె రేవులో తప్పిపోయింది. అది ముత్తాతకు దొరికింది. తాళం కూడా ముట్టుకోకుండా తీసుకెళ్ళి అప్పగించాడు. ఆవిడ సంతోషించి, పుట్టిన పిల్లకు కానుకగా ఈ లావెండరు సీసా ఇచ్చింది. పక్కింటి చెట్టు జామకాయ కోసినా, పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగిచూసినా మాకు ఈ కథ పడేది. "మీ ముత్తాత పెట్టె తాళం కూడా ముట్టుకోలేదురా."

2009లో ఆసియా దేశాల్లో యార్డ్‌లీ వ్యాపారాన్ని విప్రో కొన్న వార్త చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. పొగాకు కంపెనీ చేతిలో పడి, 1998లో దివాలా తీసి, చేతులు మారుతూ వచ్చిన లండన్ సంస్థను, 1945లో అమల్నేర్‌లో వనస్పతి నూనెతో మొదలై సాఫ్ట్‌వేర్‌కు ఎదిగిన మన కంపెనీ కొన్నది. మామ్మ ఉంటే ఏమనేదో! ఆ ఉత్సాహంలో యార్డ్‌లీ పాత ప్రకటనలు వెతకడం మొదలుపెట్టాను. ప్రోగ్రామర్‌కు తప్పు వెతకడం వృత్తి కదా, ఒకచోట చూపు ఆగింది. 1920ల ప్రకటనల్లో కంపెనీ చిరునామా 8 న్యూ బాండ్ స్ట్రీట్ అని ఉంది. 1930ల ప్రకటనల్లో 33 ఓల్డ్ బాండ్ స్ట్రీట్ అయింది. అల్మారా తీసి భూతద్దం పెట్టి చూశాను. మా చీటీ మీద చిరునామాలో మిగిలినవి "ఓల్డ్ బాండ్ స్ట్రీట్" అన్న అక్షరాలు.

1928లో పుట్టిన పిల్లకు ఇచ్చిన సీసా మీద ఆ చిరునామా ఎలా వచ్చింది?

అయిదేళ్ళు ఆ ప్రశ్న నాలోనే పెట్టుకున్నాను. నాన్నగారిని అడగడానికి నోరు రాలేదు. 2014లో విశాఖ వెళ్ళినప్పుడు కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపుకు వెళ్ళాను. రంగం నుంచి తిరిగొచ్చినవాళ్ళు స్థిరపడ్డ పేట అది. మామ్మ తమ్ముడు, మాకు చిన్న తాత, అక్కడే ఉండేవారు. అప్పటికి ఎనభై ఏళ్ళు. చూపు మందగించింది గానీ జ్ఞాపకం చెక్కుచెదరలేదు. సీసా చేతిలో పెడితే తడిమి చూసి గుర్తుపట్టారు. కథ చెప్పి, చిరునామా సంగతీ చెప్పాను. కాసేపు ఊరుకున్నారు.

"దొరసానీ నేదు, పెట్టీ నేదురా. అది మా అప్ప కట్టిన కత."

"మరి కొన్నారా తాతా?"

"కొనడానికి డబ్బులెక్కడివి? బాంబులు పడ్డ ఏడాది అది."

ఆ ఏడాది సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తామ్వే రంగూన్‌కు ఈశాన్యపు శివారు. 1930 మే నెలలో మా ముత్తాత కుటుంబం అక్కడికి మారింది. దాని వెనక ఒక పెద్ద గొడవ ఉంది. ఆ మే మొదట్లో తెలుగు రేవు కూలీలు సమ్మె చేశారు. కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్ళు పనికి రాగానే బర్మీయులను వెళ్ళిపొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాట కొన్ని రోజులు సాగింది. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మన తెలుగు కూలీలే. ఇద్దరు పేదవాళ్ళు కొట్టుకుచచ్చారు, లాభపడింది మూడోవాడు. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్ళతో సభల్లో కాఫీ తాగుతూ వాదించడానికి సిద్ధం. రేవు దగ్గరి ఇరుకు బసల్లో ఇక వద్దని ముత్తవ్వ పట్టుబడితే కాపురం తామ్వేకు మారింది. చిన్న తాత పుట్టింది ఆ ఇంట్లోనే.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మళ్ళీ క్రిస్మస్ రోజున. రేవు కూలీలు మూటాముల్లే కట్టి ప్రోమ్ రోడ్డు పట్టారు. ముత్తాత కూడా పెళ్ళాం పిల్లలతో నడిచాడు. కూలీలు వెళ్ళిపోతే ఓడల్లో సరుకు దించేదెవరు? అందుకని దారిలో ఆపి, నచ్చజెప్పి, వేల మందిని ప్రభుత్వం వెనక్కి తిప్పింది. ఓడల్లో డెక్కు ప్రయాణానికి మగవాళ్ళకు ఆంక్షలు పెట్టారు. వెనక్కి తిరిగినవాళ్ళలో మావాళ్ళున్నారు. రెండు నెలలు తిరక్కుండానే, 1942 ఫిబ్రవరిలో, ఊరు ఖాళీ చేయమని ఆ ప్రభుత్వమే చెప్పింది. జైళ్ళ తలుపులు, పిచ్చాసుపత్రి తలుపులు తీసేశారు. వీధుల్లో లూటీలు. మార్చి 7న సిరియం నూనె శుద్ధి కర్మాగారాలకు నిప్పుపెట్టారు. ఆ పొగతో పగలే చీకటి పడిందని చిన్న తాత అన్నారు. మర్నాడు జపాన్ సైన్యం ఊళ్ళోకి వచ్చింది. ఆ ఏడాది బర్మా నుంచి దాదాపు 5 లక్షల మంది భారతీయులు కాలినడకన, పడవల మీద, దొరికిన దారిన పారిపోయారు. అరకాన్ కనుమల్లో, మణిపూర్ అడవుల్లో కలరాతో, మలేరియాతో, ఆకలితో రాలిపోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మావాళ్ళకు రెండోసారి నడిచే ఓపిక లేదు. ముత్తవ్వకు నెలలు నిండాయి. తామ్వేలోనే ఉండిపోయారు.

"మూడు వారాల కూలి ఇవ్వకండానే ఎల్లిపోనారు దొరలు," అన్నారు చిన్న తాత. "గోదాము తలుపులు తెరిసే ఉన్నాయి. అందరూ పట్టుకెల్తన్నారు. మా నాన్న ఒక్క పెట్టె తెచ్చినాడు. పాల డబ్బాలనుకున్నాడు పాపం. మా అమ్మ కడుపుతో ఉంది కదా. రాత్రి ఇప్పి సూస్తే ఇయి. పన్నెండు సీసాలు."

పన్నెండు సీసాల ఇంగ్లీష్ లావెండర్. పాలు కావాలనుకున్న ఇంట్లో.

ఆ తర్వాతి మూడేళ్ళూ ఆ పన్నెండు సీసాలే వాళ్ళను బతికించాయంటే అతిశయోక్తి కాదు. జపాన్‌వాళ్ళు అచ్చేసిన రూపాయి నోట్లకు రోజురోజుకీ విలువ పోతోంది. గుడ్డ దొరకదు, ఉప్పు దొరకదు. డబ్బున్న ఇళ్ళలో మాత్రం సీమ సరుకంటే మోజు తగ్గలేదు. చిన్న తాత వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. ఒక సీసాకి బియ్యం. ఒక సీసాకి ఉప్పు, నూనె. ఒక సీసాకి ముత్తవ్వకు లుంగీ గుడ్డ. ఒక సీసాకి క్వినైన్ మాత్రలు. అలా పదకొండు వెళ్ళాయి. 1945 మేలో ఇంగ్లీషువాళ్ళు తిరిగొచ్చి జపాన్ నోట్లు చెల్లవన్నారు. మావాళ్ళ దగ్గర పోగొట్టుకోవడానికి ఆ నోట్లు కూడా పెద్దగా లేవు. ఆ ఏడాదే మామ్మ పెళ్ళి. పన్నెండో సీసా ఆ పందిట్లో విప్పారు. పదిహేడేళ్ళ పెళ్ళికూతురి మీద, వచ్చిన వాళ్ళందరి చేతుల మీద, ఆఖరి చుక్కదాకా చల్లారు.

"మరి ఆ కథ ఎందుకు కట్టింది తాతా?"

"మా నాన్న కోసం. లెక్కల మనిషి కదా. దొంగ సొమ్ము తిన్నానని ఆఖరి రోజుల్లో ఒకటే దిగులు. నిద్దర పట్టేది కాదు. అప్ప పక్కన కూకుని, 'నువ్వు దొంగతనం సెయ్యనేదు నాన్నా, దొరసాని పెట్టె అప్పసెప్పితే ఇచ్చింది, నీకు గుర్తు నేదా' అనేది. అలా సెప్పగా సెప్పగా ఆయనా నమ్మేసినాడు. నమ్మకంతోటే పోనాడు."

అంతే. తర్వాత టీ తెప్పించారు.

1964 సంగతి మీలో కొందరి ఇళ్ళలో ఇంకా మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ మార్చిలో నే విన్ ప్రభుత్వం రంగూన్ దుకాణాలను జాతీయం చేసింది. మేలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవంది. ఆ కొద్ది ఏళ్ళలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు దేశం వదిలారు. నగలూ డబ్బూ తెచ్చుకోవడానికి లేదు. రేవులో పెట్టెలన్నీ విప్పించి చూశారట. మామ్మ చెవి కమ్మలు అక్కడే పోయాయి. ఖాళీ సీసాను అధికారి ఎత్తి, వాసన చూసి, తిరిగి ఇచ్చేశాడు. అప్పుడు పన్నెండేళ్ళ నాన్నగారు అది పక్కనే నిలబడి చూశారు. ఆ ఒక్క విషయంలో మా ఇంటి కథలన్నీ కలుస్తాయి.

2018లో ఆఫీసు పనిమీద సింగపూర్ వెళ్ళినప్పుడు మూడు రోజులు కలుపుకుని యాంగోన్ వెళ్ళాను. ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలెక్కి తామ్వే స్టేషన్‌లో దిగాను. చిన్న తాత చెప్పిన గుర్తులు ఒక్కటీ దొరకలేదు. పాత చెక్క ఇళ్ళ బదులు అపార్టుమెంట్లు, కింద టీ దుకాణాలు. బుగ్గలకు తనఖా పూసుకున్న ఒక పెద్దావిడ బుట్టలో పూలు పెట్టుకుని కూర్చుంది, పక్కన మనవలు కాబోలు ఇద్దరు పిల్లలు. చీటీ మీది బొమ్మ గుర్తొచ్చి కెమెరా తీయబోయి, ఎందుకో సిగ్గేసి జేబులో పెట్టేసుకున్నాను. ఒక మూర మల్లెపూలు కొన్నాను. ఆవిడ డబ్బు లెక్కపెట్టి, రెండోసారి కూడా లెక్కపెట్టి, ఒక నోటు వెనక్కి ఇచ్చింది. ఎక్కువ ఇచ్చానట.

నాన్నగారికి చెప్పింది మాత్రం ఈ ఏడాదే, ఈ వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాక. ఫోన్లో చెప్పే విషయం కాదని సెలవు పెట్టి విశాఖ వెళ్ళాను. మొత్తం విన్నారు. జామకాయల సంగతి నాకూ గుర్తొచ్చింది, ఆయనకూ గుర్తొచ్చిందనుకుంటాను. చాలాసేపటికి, "ఆ కడుపులో పిల్ల బతికిందా?" అని అడిగారు. బతికిందని చిన్న తాత చెప్పారన్నాను. ఆ పిల్లే మా రాజమండ్రి మామ్మ. మా నాన్నగారికి చివరి పిన్ని. 1964లో ఆమె కూడా అదే ఓడలో వచ్చింది.

"అయితే రాసెయ్," అన్నారు. "పదకొండు సీసాలూ దేనికి ఇచ్చారో అది కూడా రాయి. లెక్క సరిగ్గా రాయి."

చిన్న తాత ఇప్పుడు లేరు. ఆయన చెప్పినవాటిలో నాకు నాలుగు సీసాల లెక్కే గుర్తుంది, మిగతా ఏడింటిదీ రాసుకోలేదు. రికార్డరు జేబులోనే ఉంది, తీయలేదు. ఈ సభలకు సీసాను వెంట తెస్తున్నాను. మీలో రంగం నుంచి వచ్చిన కుటుంబాల వారుంటే, తామ్వేలోనో రేవు వీధుల్లోనో 1942 నుంచి 1945 దాకా మీ పెద్దలు ఏమిచ్చి ఏం తెచ్చుకున్నారో విని ఉంటే, దయచేసి నన్ను కలవండి. ఈసారి కాగితం, కలం చేతిలోనే ఉంటాయి.